జిగ్గీ కథ: ముందు రాసిందా, తరవాత అల్లిందా?

బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 1972 ఆల్బమ్ ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ గురించి మూడు మాటలు తెగ తిరుగుతున్నాయి. బోవీ ముందే కథంతా రాసుకుని వరసగా పాటలు కట్టాడట. గ్రహాంతరవాసి ఒకడు భూమికొచ్చి రాక్ స్టారై నాశనమవుతాడట. 1973లో బోవీ అదే ముగింపు తనకూ రాసుకుని సంగీతానికి దండం పెట్టేశాడట.

సందర్భం చెప్పి పాట రాయించుకునే సినిమా పద్ధతికి అలవాటుపడ్డ మనకు మొదటి మాట ఇట్టే నచ్చుతుంది. జిగ్గీ అనే పాత్ర ఆలోచన 1971లోనే ఉంది, కాదనను. కథ మాత్రం లేదు. ఆల్బమ్‌లోని ‘మూనేజ్ డేడ్రీమ్’, ‘హ్యాంగ్ ఆన్ టు యువర్‌సెల్ఫ్’ పాటలు అప్పటికే ఆర్నాల్డ్ కార్న్స్ అనే బోవీ పక్క బ్యాండ్ పేరుతో రికార్డుగా వచ్చేశాయి. ‘ఇట్ ఎయింట్ ఈజీ’ అసలు బోవీ రాసిందే కాదు, రాన్ డేవీస్‌ది. ఇక ‘స్టార్‌మ్యాన్’ సంగతి చూడండి. సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వెయ్యడానికి ఓ పాట కావాలని రికార్డు కంపెనీ ఆర్‌సీఏ అడిగితే, 1972 ఫిబ్రవరిలో లండన్ ట్రైడెంట్ స్టూడియోలో రికార్డు చేశారు. దాన్ని ఇరికించడానికి చక్ బెర్రీ పాట ‘రౌండ్ అండ్ రౌండ్’ని పీకేశారు. అందరూ కథకు గుండెకాయ అనుకునే పాట ఆఖర్న వచ్చి చేరిందన్నమాట!

మరి వింటుంటే కథలా ఎందుకనిపిస్తుంది? రెండు కొసల వల్ల. మొదటి పాట ‘ఫైవ్ ఇయర్స్’లో బోవీ బ్యాండు డ్రమ్మర్ వుడ్‌మన్సీ డ్రమ్స్ ఒక్కటే ఎక్కణ్ణుంచో నెమ్మదిగా దగ్గరికొస్తుంది, భూమికి ఐదేళ్లే ఆయుష్షంటారు. చివరి పాట ఒంటరి గిటార్‌తో మొదలై, తంత్రీవాద్యాల హోరులో ముగుస్తుంది. మధ్యలో ఖాళీలు మనమే పూరించుకుంటాం. నా మటుకు నాకు ఈ ఆల్బమ్ గొప్పతనం అదే.

గ్రహాంతరవాసి సంగతికొస్తే, ‘మూనేజ్ డేడ్రీమ్’లో అంతరిక్షం మాటలు దొర్లుతాయి, నిజమే. కానీ ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ పాటలో కనిపించేది తలకెక్కిన పొగరుతో బ్యాండ్‌ని చెడగొట్టుకున్న గిటారిస్టు. చెప్పేది తోటి వాద్యకారుడు. 1974లో రోలింగ్ స్టోన్‌లో అచ్చయిన సంభాషణలో బోవీ రచయిత విలియం బరోస్‌కి కథ వివరించాడు. అందులో జిగ్గీ మనిషే. పైనుంచి దిగివచ్చేవాళ్లు వేరే, వాళ్లే అతణ్ణి వేదిక మీద చీల్చేస్తారు. ఆ వివరణ కూడా ఆల్బమ్ వచ్చిన ఏడాది దాటాకే!

మూడోదానికి జవాబు చిన్నదే. 1973 జూలై 3న లండన్‌లోని హామర్‌స్మిత్ ఓడియన్ థియేటర్‌లో ఇదే చివరి షో అని బోవీ ప్రకటించిన మాట వాస్తవం. బ్యాండులో బేస్ గిటారిస్టు బోల్డర్, డ్రమ్మర్ వుడ్‌మన్సీలకే ఆ కబురు ముందు తెలియదు. కానీ అదే ఏడాది అక్టోబరులో బోవీ ‘పిన్ అప్స్’ ఆల్బమ్ విడుదలైంది, గిటార్ మీద అదే బ్యాండులోని రాన్సనే, బేస్ మీద బోల్డరే.