సెక్యూరిటీ క్లియరెన్స్: బాకీ కంటే బుకాయింపే ప్రమాదం

అమెరికాలో ఎస్‌ఎఫ్-86 అని ఒక ప్రభుత్వ ఫారం ఉంది. రహస్య సమాచారంతో పని ఉండే ఏ ఉద్యోగానికైనా, రక్షణ శాఖ కాంట్రాక్టులో చేరే ఐటీ ఇంజినీరుకైనా సైన్యంలో చేరే కుర్రాడికైనా, దాదాపు ఇదే గడప. ఇది నింపాక ప్రభుత్వం విచారణ జరిపి ఇచ్చే అనుమతే సెక్యూరిటీ క్లియరెన్స్. వంద పేజీలకు పైనే ఉంటుంది. 26వ సెక్షన్‌కు వచ్చేసరికి చాలామందికి చెయ్యి ఆగుతుంది. గత ఏడేళ్లలో ఏ అప్పయినా 120 రోజులు దాటి బకాయి పడిందా, పన్ను రిటర్ను వేయకుండా వదిలేశారా, ఏదైనా బాకీ కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లిందా, దివాలా పిటిషన్ వేశారా అని వరసగా అడుగుతుంది. ‘నో’ అని టిక్ పెట్టేయడానికి ఒక్క సెకను చాలు. కొంప మునిగేది కూడా అక్కడే.

తెలియక అడుగుతున్నారనుకుంటే పొరపాటు. మీ అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్టు తీసుకోవచ్చని ఆ ఫారంతో పాటే మీరు సంతకం పెట్టి ఇస్తారు. ఆ తర్వాత ఇంటర్వ్యూకి వచ్చిన అధికారి ముందుగా మామూలుగానే అడుగుతాడు, బాకీలేమైనా ఉన్నాయా అని. అప్పుడైనా నోరు విప్పితే నయం, ఎందుకంటే ఎదుటివాళ్లు కాగితం చూపించకముందే తప్పు తనంతట తాను సరిదిద్దుకున్నవాళ్లకు నిబంధనల్లోనే కొంత వెసులుబాటు ఉంది. అప్పుడు కూడా లేవని చెప్పి, ఆయన రిపోర్టు తీసి ఒక్కో ఖాతా చదువుతుంటే ‘అవును, అదొకటుంది’ అన్నారనుకోండి, ఇక ఆ వెసులుబాటు దక్కదు.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో మొత్తం 13 అంశాలున్నాయి. అప్పులు ‘ఎఫ్’ కిందికి వస్తాయి, అబద్ధాలు ‘ఇ’ కిందికి. ఇంత అప్పుంటే క్లియరెన్స్ రాదు అనే అంకె ‘ఎఫ్’లో ఎక్కడా లేదు. ఉద్యోగం పోయింది, విడాకులయ్యాయి, ఆసుపత్రి ఖర్చు మీద పడింది, ఇలాంటివి చేతిలో లేని కారణాలని వాళ్లూ ఒప్పుకుంటారు. చూసేదల్లా ఆ కష్టంలో మీరేం చేశారన్నదే: అప్పిచ్చినవాళ్లతో మాట్లాడారా, వాయిదాలు కుదుర్చుకున్నారా, నెలకు ఎంతో కొంత కట్టారా. ‘కాలదోషం పట్టింది, రిపోర్టులోంచి పోయింది కదా’ అనే వాదన మాత్రం అక్కడ పెద్దగా నిలబడదు. క్లియరెన్స్ మీద అభ్యంతరాలతో నోటీసు అందాక హడావిడిగా కట్టిన రసీదులకూ అంత విలువ ఉండదు. అన్నిటికీ మించి, క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే ఈగన్ కేసులో చెప్పేసింది. మామూలు క్రిమినల్ కేసులో సంశయ లాభం ముద్దాయికి దక్కుతుంది, ఇక్కడ దేశానికి.

అప్పు కథ ఇలా ఏదో ఒక దారిన సర్దుకుంటుంది. అబద్ధం అలా సర్దుకోదు. మరిచిపోవడం, ప్రశ్న సరిగ్గా అర్థం కాకపోవడం వేరు, కావాలని దాచారని తేలడం వేరు. తేలితే క్లియరెన్స్ పోవడంతో ఆగకపోవచ్చు, ప్రభుత్వానికి తెలిసి తెలిసీ అబద్ధం చెప్పినందుకు చట్ట ప్రకారం ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు.

అసలు అప్పులంటే ఇంత భయం ఎందుకు? రొనాల్డ్ పెల్టన్‌ను చూడండి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఉద్యోగి, 1979లో దివాలా తీసి ఉద్యోగం మానేశాడు, 1980 జనవరిలో నేరుగా సోవియట్ ఎంబసీకి వెళ్లాడు. చేతిలో ఒక్క కాగితం లేదు, బుర్రలో ఉన్నదే అమ్మాడు, దానికి ముట్టింది సుమారు 35 వేల డాలర్లు. గూఢచార సంస్థ సీఐఏలోని ఆల్డ్రిచ్ ఏమ్స్ కూడా 1985లో విడాకుల ఖర్చులు, అప్పుల మధ్యే సోవియట్‌లతో 50 వేల డాలర్లకు మొదటి బేరం పెట్టాడు.

కానీ ఏమ్స్ కథలో నాకు మింగుడుపడని ముక్క ఇంకొకటుంది. అప్పులు తీరిపోయాక అతను 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు నగదుతో కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వెళ్లాడు, లై డిటెక్టర్ పరీక్ష రెండుసార్లు గట్టెక్కాడు, 1994 దాకా దొరకలేదు. లెక్క తేలని సంపదను కూడా ‘ఎఫ్’ అనుమానించమంటుంది, కాగితం మీద. బీదరికం క్రెడిట్ రిపోర్టులో కనబడినంత తేలిగ్గా దొంగ డబ్బు కనబడదు మరి. అందుకే ఈ వల ఎక్కువగా కార్డు బిల్లులు కట్టలేని మామూలు జనం మీదే పడుతోందని నా అభిప్రాయం. అబద్ధం విషయంలో మాత్రం ప్రభుత్వం పట్టుదలే సబబు.

అమెరికా పౌరసత్వం వచ్చాక ఈ ఉద్యోగాల వైపు చూసే మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అప్పు సంగతి బయటపడితే పరువు పోతుందని పెరిగినవాళ్లం, బావమరిది కోసం హామీ సంతకం పెట్టి ఇరుక్కున్నా పక్కింటికి తెలియనివ్వం. ఇంటి గుట్టు లంకకు చేటు అని పెద్దలు చెప్పారు, నిజమే, ఆ ఫారం కూడా లంక గుట్టు కాపాడటానికే పుట్టింది, కాకపోతే అది ముందు మన ఇంటి గుట్టు అడుగుతుంది. అప్పులతో ఆగదు, హైదరాబాద్‌లో ఫ్లాటుందా, ఊళ్లో పొలముందా అన్నదీ అడుగుతుంది.

పైగా ఇదివరకటిలా ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి చేసే తనిఖీ కాదిప్పుడు, క్లియరెన్స్ ఉన్నవాళ్ల రికార్డుల మీద నిరంతర నిఘా ఉంటోంది. ఈ నెల బకాయి కలెక్షన్‌కు వెళ్తే ఆ కబురు దానంతటదే అధికారులకు చేరొచ్చు. ఆఫీసులో సెక్యూరిటీ ఆఫీసర్ దగ్గరికి మీరే వెళ్లి చెప్పడానికీ, ఆయన మిమ్మల్ని పిలిపించడానికీ మధ్య ఇప్పుడు ఉన్న వ్యవధి బాగా తగ్గిపోయింది.