ఫైర్‌వాల్ ఆన్ చేసేముందు

కొత్తవాళ్ల కోసం లినక్స్ సర్వర్ గురించి మీ వ్యాసంలో ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. కానీ ఫైర్‌వాల్, అంటే బయటి కనెక్షన్లని వడగట్టే కాపలా, ఆన్ చేయమన్నచోట అసలు సంగతి వదిలేశారండీ. ఉబుంటు అనే లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌ని ఆన్ చేయకముందే ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారికి), అంటే మామూలుగా అది వాడే 22వ పోర్టుకి, అనుమతి ఇవ్వాలి. లేదంటే బయటి నుంచి వచ్చే కొత్త కనెక్షన్లన్నీ ఆగిపోతాయి. సర్వర్ పక్క గదిలో ఉంటే కీబోర్డు తగిలించి సరిచేసుకోవచ్చు. మనం శ్రీకాకుళంలో, సర్వర్ హైదరాబాద్‌లో ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకే ఆన్ చేశాక, ఉన్న సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) తెరిచి, లాగిన్ అవుతోందో లేదో చూసుకోవాలి.

బ్యాకప్ గురించి మరీ రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను పలాసలో జీడిపప్పు వ్యాపారుల కంప్యూటర్లు చూస్తుంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. మామూలు యూపీఎస్ ఉన్నా సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసేంత టైమే ఇస్తుంది. కాబట్టి ఒక కాపీ జిల్లా బయట ఉండి తీరాలి. అప్పుడప్పుడు అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, తెరుచుకుంటోందో లేదో కూడా చూడాలి.

లాగ్ ఫైళ్లతో, అంటే సర్వర్ తనలో జరిగేవి రాసుకునే ఫైళ్లతో, డిస్క్ నిండిపోతే ఏం చేయాలో తర్వాతి భాగంలో తప్పకుండా రాయండి. కొత్తవాళ్లు ఎక్కువగా కంగారుపడేది అక్కడే.