ఎలాగూ జాకీ ఎత్తాం కదా!

పోర్షే 944 కారుకు క్లచ్ మార్చడం మహా కష్టమని, ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదని కొందరు అల్పజ్ఞులు ప్రచారం చేస్తున్నారు. ఈ దుష్ప్రచారాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. క్లచ్ మార్చడానికి పట్టేది కాసేపే. దాని దగ్గరికి చేరడానికే కొంత కాలం, కొంత ఆస్తి, కొంత దాంపత్య సౌఖ్యం ఖర్చవుతాయి.

1982 నుంచి 1991 వరకు తయారైన ఈ కారులో ఇంజను ముందు ఉంటుంది, గేరుబాక్సు వెనక చక్రాల మధ్య ఉంటుంది. బరువు ముందూ వెనకా దాదాపు సమంగా పడాలని జర్మన్ ఇంజనీర్లు చేసిన ఏర్పాటు ఇది. మలుపుల్లో కారు నిజంగానే నేలకు అతుక్కున్నట్టు పోతుంది, కాదనలేం. ఈ రెంటినీ కలుపుతూ కారు నడుము పొడవునా ఒక ఉక్కు గొట్టం, దాని లోపల ఇంజను వేగంతోనే తిరిగే సన్నని షాఫ్టు. క్లచ్ మాత్రం ముందు, ఇంజనుకు వీపులా అంటుకుని ఉంటుంది. కాబట్టి ముందున్న క్లచ్‌ను చూడాలంటే వెనక నుంచి మొదలుపెట్టాలి. సైలెన్సరు గొట్టాలు దించాలి, యాక్సిళ్లు విప్పాలి, గేరుబాక్సు దించాలి, ఉక్కు గొట్టాన్ని వెనక్కి జరపాలి, ఆ తర్వాత క్లచ్‌ను కప్పి ఉంచే గంట ఆకారపు డొప్ప, బెల్ హౌసింగు, ఊడదీయాలి. అప్పుడు క్లచ్ దర్శనం. నీ ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినవాడు ఆ ఇంజనీర్ల బృందంలో తప్పకుండా ఉండి ఉంటాడు.

డాలస్ శివారులో ఉండే మనవాడొకడిని ఉదాహరణగా తీసుకుందాం. పేరెందుకు, కాలనీకి ఒకడుంటాడు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఈ పుణ్యాత్ముడు ముప్పై ఏళ్లు దాటిన 944 ఒకటి కొన్నాడు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినప్పుడల్లా వెనక నుంచి ‘ఠక్’ మని చప్పుడు. గేరుబాక్సు మౌంటింగు పోయిందని తేల్చాడు. తీర్పు అన్యాయమేమీ కాదు. గేరుబాక్సును మోసే ఆ రబ్బరు దిమ్మ వయసు మీద పడేసరికి బండబారి పగుళ్లిస్తుంది. దాన్ని మార్చడానికి గేరుబాక్సు కింద చెక్క దిమ్మ వేసి, జాకీతో కాస్త ఎత్తిపట్టి, బోల్టులు విప్పి, కొత్తది బిగిస్తే చాలు. టిఫినుకీ భోజనానికీ మధ్య అయిపోయే పని. మానవజాతి అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసానికి అవసరమే ఉండేది కాదు.

కానీ కారు కింద వెల్లకిలా పడుకున్న మగవాడికి ఒక వాక్యం వినపడుతుంది. ‘ఎలాగూ జాకీ ఎత్తాం కదా!’

అసలు క్లచ్ ప్లేటు నడిబొడ్డున కంపెనీ వాళ్లు స్ప్రింగులకు బదులు రబ్బరు పెట్టారు. ఇంజను వణుకు గేరుబాక్సుకు చేరకూడదని వారి సదుద్దేశం. ఆ రబ్బరూ ముసలిదవుతుంది, చిరుగుతుంది. మొదట అదీ ‘ఠక్’ మనే అంటుంది. ఆ పైన ఒక రోజు ఇంజను గర్జిస్తూనే ఉంటుంది, కారు మాత్రం కదలదు. కాబట్టి క్లచ్‌ను అనుమానించడం సబబే. క్లచ్ తీశాక దాని జంట భాగాలైన ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు పాతవి వేస్తామా? క్లచ్ అతుక్కుని ఉండే ఇంజను చక్రం, ఫ్లైవీలు, విప్పాక దాని వెనక ఆయిల్ సీలును వదిలేస్తామా? ఆ ఉక్కు గొట్టం చేతిలోకి వచ్చాక అందులో బేరింగులు అరిగాయో లేదో చూడమా? ఇంతవరకు తర్కం ఉంది. తర్వాత మనవాడు ఇంజను వాల్వులను నడిపే టైమింగు బెల్టు కూడా తెప్పించాడు. అది ఇంజనుకు ఆ చివర ఉంటుంది, క్లచ్‌తో దానికే చుట్టరికమూ లేదు. కాకపోతే ఈ ఇంజనులో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. భయానికి ముందూ వెనకా ఉండవు.

ఇక యాక్సిల్ బోల్టుల సంగతి. గేరుబాక్సు దగ్గర అటు ఆరు, ఇటు ఆరు. వాటి తలల్లోని గాడి నిండా దశాబ్దాల గ్రీజు, మట్టి కలిసి సిమెంటులా గట్టిపడి ఉంటాయి. సూది లాంటి దానితో ఆ మురికిని గీరి, పనిముట్టును అడుగుదాకా దిగగొట్టి, అప్పుడు తిప్పాలి. గీరడానికి బద్ధకించిన వాడికి గాడి గుండ్రంగా అరిగిపోతుంది. ఆ బోల్టు ఇక సుత్తికీ ఉలికీ తప్ప ఎవరికీ లొంగదు. (వ్యంగ్యం ఒక్క క్షణం పక్కన పెడతాను: ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకండి, నాలుగు స్టాండ్లు కొనండి.)

తెనాలి నుంచి వచ్చిన మామగారు ఇదంతా రెండు వారాలు మౌనంగా గమనించి, ఒక సాయంత్రం కాఫీ గ్లాసుతో గ్యారేజీలోకి వచ్చారు.

“బాబూ, ఈ దేశంలో మెకానిక్కులు దొరకరా?”

“దొరుకుతారు మామయ్యగారూ. కూలి బాగా ఎక్కువ. మనమే చేసుకుంటే డబ్బు మిగులుతుంది.”

ఆయన గోడ వైపు చూశారు. గేరుబాక్సు దించే ప్రత్యేక జాకీ, టార్క్ రెంచి, మూడు రకాల పుల్లర్లు, ఇంకా అట్టపెట్టె విప్పని సాకెట్ సెట్టు.

“ఇవన్నీ ఊరికే ఇచ్చారా?”

ప్రస్తుతం మనవాడు క్లచ్‌ను విడదీసే మీటను, అంటే క్లచ్ ఫోర్కును, పట్టి ఉంచే పిన్ను దగ్గర ఉన్నాడు. వేలెడంత ఇనుప ముక్క. దాని చివర మరలున్న రంధ్రం ఉంటుంది, అందులో బోల్టు ఎక్కించి లాగితే రావాలి. తుప్పు పట్టిన పిన్ను రాదు. కొండను తవ్వడం పూర్తయింది, ఎలుక రానంటోంది.

ఈ నేపథ్యంలో ప్రభుత్వాలకు నాదొక విన్నపం. పాత స్పోర్ట్స్ కారును రిజిస్టర్ చేసే ముందు జీవిత భాగస్వామి నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి చేయాలి. అందులో వంటింటి సింకులో యంత్ర భాగాలు కడగడం గురించి ఒక ప్రత్యేక నిబంధన ఉండాలి. రెండో కారు పార్కు చేసే చోటు శాశ్వతంగా రద్దవుతుందని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి.

పిన్ను చివరికి వచ్చింది. రబ్బరు బదులు స్ప్రింగుల ప్లేటు వేశాడు. కారు నడిచింది, ‘ఠక్’ పోయింది. బదులుగా న్యూట్రల్లో నిలబడితే గేరుబాక్సు గలగలమంటోంది, క్లచ్ తొక్కితే ఊరుకుంటోంది. స్ప్రింగుల ప్లేటుకు అది సహజ లక్షణమట. మామగారు తలూపారు.

పోయిన శనివారం అదే గ్యారేజీ ముందు ఇంకో 944 దిగింది, ట్రక్కు మీద. మంచి రంగు, లోపల సీట్లు కూడా చెక్కుచెదరలేదు. ఇంత బాగుంటే అంత చవకగా ఎలా ఇచ్చారని మామగారు అడిగారు.

“క్లచ్ పోయిందట మామయ్యగారూ. ఎలాగూ మన దగ్గర సామానంతా ఉంది కదా!”