అంగుళాల లెక్కన గుర్రం

"నాలుగు రోజులే బావా" అంటూ మా బామ్మర్ది ఏది తెచ్చి మా ఇంట్లో పెట్టినా నాకు గుండె జారుతుంది. వాడు నాలుగు రోజుల కోసం పెట్టిపోయిన జనరేటర్ మీద మా ఆవిడ మూడేళ్లుగా వడియాలు ఎండబెడుతోంది. 2024 మే మొదటి వారంలో వరంగల్ మట్టెవాడలో మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనక తలుపు తీస్తే దిగింది ఈసారి వస్తువు కాదు. నా నడుము ఎత్తు కూడా లేని గుర్రం. దిగీ దిగగానే పూజకు పెంచుకున్న మందార చెట్టు దగ్గరికి నడిచి, విచ్చినవీ మొగ్గలూ అన్న తేడా లేకుండా తినేసింది.

"పేరు బాద్‌షా. మినియేచర్ గుర్రం. ఫారిన్ బ్రీడు బావా" అన్నాడు వాడు.

వాడిది బరాత్ వ్యాపారం. బ్యాండు, లైట్లు, రెండు పెద్ద గుర్రాలు ఉన్నాయి. జనవరిలో నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరకు వెళ్లాడు. గుర్రాలు, ఒంటెలు, గాడిదలు అన్నీ అమ్మే జాతర అది. అక్కడి ధరలు విని ఖాళీ చేతులతో వెనక్కి తిరిగాడు. దారిలో ధాబా దగ్గర టీకి ఆగితే ఎవడో ముక్కూముఖం తెలియనివాడు ఈ గుర్రాన్ని చూపించాడట. "34 అంగుళాలు, ఐదేళ్ల వయసు, ఇంక పెరగదు" అన్నాడట. వీడు 70,000 చేతిలో పెట్టి, టీ డబ్బులు కూడా తనే ఇచ్చి వచ్చాడు.

ఏప్రిల్ దాకా బాగానే నడిచింది. గుర్రం మీద దాని బరువులో ఐదో వంతుకు మించి ఎక్కించకూడదంటారు కాబట్టి పెళ్లికొడుకు ఎక్కే ప్రశ్నే లేదు. పుట్టినరోజు ఫంక్షన్లలో పిల్లలు పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి, ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర నిలబెట్టడానికి అద్దెకు తిప్పాడు. ఏప్రిల్ చివర మూఢం వచ్చి పడింది. మూఢం వెనకే ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. పెళ్లిళ్లు లేని ఊళ్లో గుర్రానికి పనేముంటుంది? వీడికి లైట్ల వాయిదా కట్టాల్సి వచ్చింది. అమ్మేద్దామనుకున్నాడు.

"నువ్వు మార్కెట్ల పని చేసినోనివి. రేటు నువ్వే కట్టాలె బావా."

ఈ ఒక్క మాటకు పడిపోయాను. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో 22 ఏళ్లు గుమస్తాగా చేశాను. మిర్చి బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, విరిచి చప్పుడు వింటే తేమ ఎంతో చెప్పేవాణ్ణి. తేజ రకం ఏదో, చపాటా రకం ఏదో, రంగు పోయిన తాలు ఏదో కళ్లు మూసుకుని వాసన మీద చెప్పగలను. రిటైరయ్యాక ఇంట్లో కూరగాయల రేటు అడిగేవాళ్లు కూడా లేరు. ఇన్నాళ్లకు ఒకడు వచ్చి రేటు కట్టమంటే కాదని ఎలా అంటాను?

మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చదవడం, నేను కాగితం మీద గీతలు కొట్టి రాసుకోవడం. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ అని 1978లో పెట్టారట. వాళ్ల లెక్కలో 34 అంగుళాలు దాటితే అది మినియేచర్ కాదు. ఇంకో రిజిస్ట్రీ 38 దాకా ఒప్పుకుంటుంది గానీ 34 దాటినవాటిని వేరే తరగతిలో వేస్తుంది. కొలిచేది తలకాయ దాకా కాదు, మెడ మీద జూలు అయిపోయేచోట, చివరి వెంట్రుకల దగ్గర. కాగితాలున్నదానికి ఒక రేటు, లేనిదానికి ఒక రేటు. చూడముచ్చటగా ఉండి, కాళ్లు తిన్నగా ఉంటే, పొట్టిదైనకొద్దీ పిరం. పొట్టితనం మరుగుజ్జు లోపం వల్ల వచ్చిందైతే మాత్రం ధర లేదు.

ఇక్కడే నా 22 ఏళ్ల అనుభవం ఒకసారి తల గోక్కుంది. మిర్చి రంగుంటే ధర. పత్తి పింజ పొడవుంటే ధర. గేదె బలంగా ఉంటే ధర. కొలత తగ్గినకొద్దీ ధర పెరిగే సరుకు నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు.

అయినా అలవాటు ప్రకారం మూడు రేట్లు రాశాను. చెప్పే రేటు 1,20,000. ఇచ్చే రేటు 90,000. చచ్చినా నోట్లోంచి రాకూడని రేటు 70,000.

తర్వాత కొలత. మా అమ్మాయి చిన్నప్పుడు ఏటా దసరాకి దర్వాజా చెక్కకు ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీసేవాణ్ణి. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. బాద్‌షాని అదే దర్వాజా పక్కన నిలబెట్టాం. బామ్మర్ది తల పట్టుకున్నాడు. నేను చివరి జూలు వెంట్రుకల మీద స్కేలు అడ్డంగా పెట్టి, చెక్క మీద గీత గీసి, మా ఆవిడ కుట్టుమిషన్ టేపుతో కింది నుంచి కొలిచాను. ముప్పై ఐదున్నర.

"టేపు సాగింది బావా" అన్నాడు వాడు.

ఇనప టేపు తెచ్చాం. ముప్పై ఐదున్నర.

"గచ్చు వాలున్నది." గుర్రాన్ని అటు తిప్పాం. ముప్పై ఐదున్నర. మూడోసారి కొలిచేటప్పుడు బాద్‌షా నా జేబులోని రేట్ల కాగితం లాగి నమలడం మొదలుపెట్టింది. 1,20,000 లోపలికి పోయింది. మిగతా రెండు రేట్లూ తడిసి నా చేతికొచ్చాయి.

ఆలోచించగా ఆలోచించగా మా వాడికి గిట్టలు కనిపించాయి. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, వీడు కొన్నప్పటినుంచీ చెక్కించలేదు. "గిట్టలు తగ్గితే గుర్రం తగ్గుతది గద!" పని తెలిసినవాణ్ణి పిలిపించి 600 ఇస్తే పావు అంగుళం తగ్గింది. అంటే అంగుళానికి 2,400 చొప్పున గుర్రాన్ని పొట్టి చేయించామన్నమాట. ముప్పై ఐదుంపావును ప్రకటనలో "సుమారు 34" అని రాశాం. వ్యాపారంలో సుమారు అనే మాట లేకపోతే సగం దుకాణాలు మూతపడతాయి.

ఫోన్లు వచ్చాయి. ఒకాయన పాలిస్తుందా అని అడిగాడు. ఇంకొకాయన తన కొడుకు పుట్టినరోజు వరకు కొని, మర్నాడు వాపసు ఇస్తానన్నాడు. ఒక ఫంక్షన్ హాల్ ఆయన "శ్రావణంల మాట్లాడుదం అన్నా" అని పెట్టేశాడు. తరవాత ఎవరు చేసినా అదే మాట, శ్రావణంల మాట్లాడుదం.

మార్కెట్ మందంగా ఉంటే ఏం చేయాలో నాకు తెలుసనుకున్నాను. ఎనుమాములలో పొద్దున జెండా పాట అవుతుంది. వచ్చిన సరుకులో మేలైన లాటుకు పలికిన ధర అది. ఆ ధర చూసి మురిసిపోయిన రైతు తన బస్తాల దగ్గరికి వచ్చేసరికి తేమ అని, తాలు అని, రంగు అని కోతలు మొదలవుతాయి. గిట్టదనుకున్నవాడు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రసీదు జేబులో వేసుకుని, ధర వచ్చేదాకా ఆగుతాడు. "ఆగు, తొందరపడకు. రేటు పట్టుకొని కూర్చో" అని మా బామ్మర్దికి ఎంతో గంభీరంగా చెప్పాను.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి తినదన్న సంగతి చెప్పేటప్పుడు నాకు గుర్తు రాలేదు. పచ్చిగడ్డి, ఎండుగడ్డి, కాస్త దాణా కలిపి రోజుకు 130. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. మాది గుడ్డిది కూడా కాదు, రెండు కళ్లతో చూసి మరీ ఏరుకుని తినేది. నేను రేటు పట్టుకుని కూర్చున్న ప్రతి పూటా అది నిలబడి ఆ రేటునే తింటోంది. పదిహేను రోజులకోసారి పది వేలు దించడం మొదలుపెట్టాం, తర్వాత వారానికోసారి.

2008 మాంద్యంలో అమెరికాలో కూడా గుర్రాల ధరలు పడిపోయాయని, మేపలేక వదిలించుకున్నవాళ్లు ఉన్నారని మా అమ్మాయి చదివి చెప్పింది. "వాళ్లకు గూడ మూఢం తాకిందన్నట్టు" అన్నాడు మా వాడు, కొంచెం ధైర్యం తెచ్చుకుని.

అసలు టెన్షన్ జూన్‌లో మొదలైంది. రేటు దించే ముందు ఒకసారి కొలుద్దామని దర్వాజా దగ్గర నిలబెడితే ముప్పై ఆరు. వారం పోయాక ఇంకో పావు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రి పెరట్లో చప్పుడైతే టార్చి వేసి చూశాను. మా ఆవిడ తట్టలో నానబెట్టిన ఉలవలు పెడుతోంది. బాద్‌షా ఆమె కొంగు పక్కన తల పెట్టుకుని ధీమాగా నములుతోంది. ఇంట్లో నేను ఉలవచారు అడగబట్టి నెల దాటింది. ఉలవలు అయిపోయాయనేది.

"పసిపిల్ల లెక్క చూస్తది. పెట్టకుంట ఎట్లుంట?" అంది.

పొద్దున ఈ సంగతి విన్న బామ్మర్ది ఏడ్చినంత పని చేశాడు. "అక్కా, నువ్వు పెట్టే పిడికెడు పిడికెడుకు నా రేటు పడిపోతంది!"

"తిండి పెడితే ధర తగ్గే పశువును నేనెన్నడు చూడలే. నీ అసువంటోడే కొనాలె అది" అందావిడ.

జులై వచ్చేసరికి రేటు 40,000 దగ్గర ఆగింది. నోట్లోంచి రాకూడని రేటు ఎప్పుడో వచ్చేసి, దాని కింది రేట్లు కూడా వచ్చేశాయి. అప్పుడు ఒక బేరగాడు వచ్చాడు. పశువుల అంగడిలో పండిన మనిషి. గుర్రం చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, వీపు మీద చరిచి, భుజం మీది తువ్వాల నా చేతి మీద కప్పాడు. కింద చేతులతో బేరం. పక్కవాళ్లకు ధర తెలియకూడదని అంగట్లో అలా మాట్లాడుకుంటారు. నాకు రాదని చెప్పడానికి నామోషీ. 22 ఏళ్ల గుమస్తాను కదా.

తువ్వాల కింద ఆయన నా నాలుగు వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. నలభై! నా మనసు పొంగింది. "ఖాయం" అన్నాను. ఆయన జేబులోంచి ఐదు వందల నోటు తీసి బయానా అని నా చేతిలో పెట్టి, "మిగిలిన మూడున్నర వేలు రేపు తోల్కపోయేటప్పుడిస్త సేటూ" అన్నాడు.

నాలుగు వేళ్లంటే నాలుగు వేలే. వేలుకూ వేలుకూ ఉన్న తేడా నాకు అర్థమయ్యేలోగా మా బామ్మర్ది గుమ్మం మీదనే కూలబడ్డాడు. మాట ఇచ్చి తప్పుతావా అని బేరగాడు, కొత్తవాణ్ణని నేను, గంట గొడవ. చివరికి బయానా వాపసు ఇచ్చి, మీద ఇంకో రెండు వందలు, టీ, రెండు సమోసాలు పెట్టి పంపాం. పోతూ పోతూ ఆయన వెనక్కి తిరిగి, "నోరు చూసినవా సేటూ? అది ఇంక పిల్ల" అన్నాడు.

దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. డెబ్బై వేలు పోసి కొన్న గుర్రానికి లెక్కపెట్టవద్దని ఎవరూ అనలేదు. అయినా మా ఇద్దరిలో ఒక్కడూ దాని నోరు తెరిచి చూడలేదు. పశువుల డాక్టర్ వచ్చి, పెదవి పైకెత్తి, నవ్వారు.

"ఐదేళ్లని ఎవరు చెప్పారు? ఐదేళ్లకు పాలపళ్లు ఊడి, అన్నీ కొత్త పళ్లు వచ్చి నోరు నిండుగా ఉంటుంది. దీనికి ముందరివన్నీ పాలపళ్లే. చివర ఈ మూల పళ్లు ఈమధ్య వచ్చినవే. మొదటి జత ఊడాలన్నా రెండున్నరేళ్లు పట్టాలి. దీనికి ఏడాది కూడా ఉండదు."

"మరి ఇంక ఎంత పెరుగుతది సార్?" అన్నాడు మా వాడు, బిల్లు ఎంతయిందని ఆసుపత్రిలో అడిగే గొంతుతో.

"ఏడాదికి ఎత్తులో పదింట తొమ్మిది వంతులు వచ్చేస్తుంది. ఇప్పుడెంత?"

"ముప్పై ఏడు."

"నలభై ఒకటి, నలభై రెండు దాకా పోవచ్చు. మామూలు పోనీ జాతి. బాగుంది, ఆరోగ్యంగా ఉంది. ఎవరు మేపుతున్నారో గానీ బాగా మేపుతున్నారు."

మా ఆవిడ కొంగు సర్దుకుంది.

వాడు రెండు రోజులు మా ఇంటివైపు రాలేదు. మూడో రోజు పొద్దున్నే ఉలవల బస్తా బండి మీద వేసుకుని వచ్చాడు. పిల్లలకు స్వారీ నేర్పే ఒకాయన్ని ఎక్కడో పట్టుకున్నాడట. మినియేచర్ అయితే ముప్పై నాలుగు దాటొద్దు, స్వారీకైతే నలభై దాటాలి, ముప్పై ఏడు అటూ కాదు ఇటూ కాదు, దీన్ని ఇప్పుడెవడూ కొనడు, పెంచి తీసుకురా అన్నాడట ఆయన.

"నలభై దాటితే అంగుళానికి ఇంత అని ఇస్తడట బావా. అక్కా, పొద్దుగాల దాణా పెట్టినవా? ఇంకో పిడికెడు ఎక్కువెయ్యి. గిట్టలు మాత్రం ఇప్పుడే చెక్కియ్యకున్రి, పావు అంగుళం పోతది."

గిట్టలు నేను చెక్కించాను. పెరిగిపోతే కాళ్లకు ప్రమాదమని డాక్టర్ చెప్పి పోయారు. పావు అంగుళం నా ఖాతాలో రాసుకోమన్నాను.

శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాయి. ఫోన్లూ మొదలయ్యాయి. నిన్న మేము దర్వాజా దగ్గర స్కేలు పెట్టి ఉండగానే ఒకటి వచ్చింది.

"అన్నా, మీ దగ్గర పొట్టి గుర్రం ఉన్నదట గద? పైసలకు చూడం, మంచిది కావాలె."

"ఎంత పొట్టిది కావాలె?"

"ముప్పై నాలుగు లోపల."

"జనవరిల చేయాల్సింది అన్నా" అని పెట్టేశాను. మా ఆవిడ అప్పటికే చెక్క మీద గీత గీసి, పక్కన తేదీ వేసి, పేరు కూడా రాస్తోంది. మా అమ్మాయిని అంగన్‌వాడీలో వేసిన ఏడాది గీతకు సరిగ్గా వేలెడు పైన.