జిల్లా పేజీ దాటని జాతీయ వార్త

జాతీయ రాజకీయాలపై ఉత్తమ కథనానికి అవార్డు అనగానే పార్లమెంటు, మంత్రుల శాఖలు, పార్టీల పొత్తులు గుర్తొస్తాయి. నాకు మాత్రం శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల గుర్తొస్తుంది. అలాంటి అవార్డు ఢిల్లీ విలేకరికే కాదు, జిల్లాలో రాసేవాడికీ దక్కాలంటాను.

2010 జూలై 14న అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని అడ్డుపడిన రైతులు, మత్స్యకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు కేంద్రం ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాగితాల్లో ఆ బీల పనికిరాని భూమి. వానలు పడ్డాక వెళ్లి చూస్తే నిండా నీళ్లు, నీళ్లలో చేపలు, అంచున వరి. ఈ తేడా పట్టుకోవడానికి రహస్య పత్రాలు అక్కర్లేదు, బీలలో కాలు పెడితే చాలు. అనుమతి ఇచ్చింది కేంద్రం, తూటా తగిలింది సోంపేటలో. ఇంతకన్నా జాతీయ రాజకీయం ఏముంటుంది?

కాల్పులు మొదటి పేజీకెక్కాయి. అంతకుముందు నెలల తరబడి శిబిరంలో సాగిన దీక్షలు మాత్రం ఎక్కువగా జిల్లా పేజీల్లోనే ఉండిపోయాయి. మన పత్రికలు జిల్లాకో ఎడిషన్ తెచ్చి ఊరి వార్తకు చోటిచ్చాయి, ఆ చేత్తోనే దానికి పొలిమేర గీశాయి. శ్రీకాకుళం పేజీలో వచ్చింది పక్కనున్న విజయనగరం పాఠకుడికే అందదు. ఢిల్లీకి ఎలా చేరుతుంది?

ఢిల్లీలో, అధికార కేంద్రంలోనే ఉండి ప్రభుత్వాన్ని నిలదీయడానికి గుండె ధైర్యం కావాలి, ఆ విలేకరులకు అవార్డు రక్షణ కూడా. కాదనను.

కానీ పాత్రికేయులకిచ్చే రామ్‌నాథ్ గోయెంకా అవార్డుల్లో రాజకీయాలు, ప్రభుత్వంపై కథనాలకు ఒక విభాగం, ప్రాంతీయ భాషలకు మరో విభాగం ఉన్నాయి. తెలుగులో రాస్తే ప్రాంతీయమే అవుతుందా? 2007లో పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది పల్లెలు తిరిగి రాసినందుకు కాదా?

అసలు గాయం ఇంకా లోపల ఉంది. బీల గట్టుకు అందరికన్నా ముందు వెళ్లేది మండల విలేకరి. అతనికి నెల జీతం ఉండదు. నెలాఖరున అచ్చయిన తన వార్తలు కత్తిరించి, స్కేలు పెట్టి కొలుచుకుంటాడు. అచ్చయిన కొలతను బట్టి ఇచ్చే ఆ లైన్ అకౌంట్ డబ్బు పెట్రోలుకే చాలదు. పైగా పండగకు ప్రకటనలు తెమ్మంటారు. ఎవరి మీద రాయాలో వారి గుమ్మంలోనే ప్రకటన కోసం నిలబడతాడు. ముందు అతనికి జీతం ఇవ్వండి. ఢిల్లీకి పంపదగ్గ కథనాలు అతని సంచిలో ఇప్పటికే ఉన్నాయి.