తలుపులు మూసి ఒక గంట

జీతాల రోజుకు ముందు రాత్రి. చిన్న సంస్థ నడిపే మనిషి బ్యాంకు ఖాతాను మూడోసారి తెరిచి చూసుకుంటారు. రావాల్సిన బిల్లు రాలేదు. ఫోన్ చేస్తే ‘వచ్చే వారం’ అన్నారు. ఇంట్లో అడిగితే ‘అంతా బాగానే ఉంది’ అనాలి. సిబ్బందికీ అదే మాట, అప్పిచ్చినవారికీ అదే మాట. మార్కెట్ కొట్టిన దెబ్బ కంటే ఈ దాపరికమే మనిషిని ఎక్కువ నలగ్గొడుతుంది. యుద్ధాలు, సుంకాలు, పూటకో రకంగా మారే టెక్నాలజీ మధ్య రేపటి మాట ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఇలాంటప్పుడు వ్యాపారికి పెట్టుబడి ఎంత అవసరమో, నిజం చెప్పుకోగల సాటివారూ అంతే అవసరమని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ఇది ఓదార్పు మాట కాదు. 1934లో, మహామాంద్యం రోజుల్లో స్విట్జర్లాండ్ చిన్న వ్యాపారుల దగ్గర పనితనం ఉంది, సరుకు ఉంది, నగదే లేదు. వెర్నర్ జిమ్మర్‌మన్, పాల్ ఎంజ్ చొరవతో కొందరు కలిసి ‘విర్’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. జర్మన్‌లో ఆ మాటకు ‘మనం’ అని అర్థం. పద్ధతి చాలా తేలిక. వడ్రంగి కలప తీసుకుంటాడు. ఆ మేరకు అతని ఖాతాలో బాకీ, కలప వ్యాపారి ఖాతాలో జమ రాస్తారు. కలప వ్యాపారి ఆ జమతో గోదాముకు రంగులు వేయించుకుంటాడు. రంగులు వేసినవాడికి బల్ల కావాలంటే వడ్రంగి దగ్గరికే వస్తాడు. బాకీ తీరింది, ఒక్క నోటూ చేతులు మారలేదు. ఒక విర్ అంటే ఒక స్విస్ ఫ్రాంక్ కింద లెక్క. మాంద్యం ఎప్పుడో పోయింది కానీ, ఆ సంఘం బ్యాంకుగా మారి దశాబ్దాల పాటు నిలిచింది.

ఇన్నొవేషన్ అనగానే మనకు కొత్త యాపో, కొత్త యంత్రమో గుర్తొస్తుంది. ఇక్కడ ఉన్నదల్లా ఖాతా పుస్తకం. అయినా అది పనిచేసింది. ఎవరి ఇబ్బంది తీర్చాలో పెట్టినవారికి తెలుసు, ఆ ఇబ్బంది వారిదే కనుక. పెట్టుబడిదారుల మోజు చూసి మొదలుపెట్టే కొత్తదనానికి ఈ బలం ఉండదు. గాలి మారగానే అది ఆగిపోతుంది.

సంఘం ఉంటే ఏ కంపెనీ మునగదని మేం అనడం లేదు. స్పెయిన్‌లో కార్మికులే సభ్యులుగా, యజమానులుగా ఉండే మోండ్రగాన్ సహకార సమూహం 1956లో మొదలైన ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి పెరిగింది. దాని గృహోపకరణాల కంపెనీ ఫాగోర్ 2013లో దివాలా తీసింది. తోటి సంఘాలు ముందు డబ్బు సర్దాయి, ఇక నిలబడదని తేలాక ఆపేశాయి. ఆ నిర్ణయం కఠినమైనదే అయినా సరైనదని మా అభిప్రాయం. ఎందుకంటే కంపెనీ పోయినా, సభ్యులైన కార్మికుల్లో చాలామందికి సమూహంలోని ఇతర సంస్థలు పని చూపించాయి. సభ్యత్వం లేని ఉద్యోగులకు మాత్రం ఆ భరోసా దక్కలేదు. ‘మనవాళ్లు’ అనే గీత ఎక్కడ గీయాలో కష్టం రాకముందే ఆలోచించుకోవాలి. నిన్న చేరిన కుర్రాడు, కాంట్రాక్టు మీద పనిచేసే మహిళ ఆ గీతకు అవతల ఉండకూడదు.

వ్యాపార సంఘాలు చాలానే ఉన్నాయి. సన్మానాలు, ఫొటోలు, విజయగాథలతోనే వాటి సమావేశాలు గడిచిపోతున్నాయి. నష్టపోయినవారు వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. సాటి చిన్న సంస్థల బిల్లులు నెలల తరబడి ఆపే పెద్ద సభ్యులను అడిగేవారూ ఉండరు. వచ్చే సమావేశంలో ఒక గంట తలుపులు మూసి, ఫోన్లు పక్కనపెట్టి, ఈ నెల జీతాలకు ఎవరికి ఇబ్బందిగా ఉందో అడగండి. ఎవరి దగ్గర పని ఎక్కువై చేసేవాళ్లు లేరో, ఎవరి దగ్గర మనుషులుండి పని లేదో ఒక కాగితం మీద రాయండి. ముందు నోరు విప్పాల్సింది కొత్త సభ్యులు కాదు. సంఘం అధ్యక్షులే తమ లెక్కతో మొదలుపెట్టాలి.