మీటరు ఎవరిదో, ఆగింది మా పిల్లల డబ్బు

బడికెళ్లే పిల్లల తల్లులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం జాబితాలో ఈసారి నా పేరు లేదు. ఎందుకని అడిగితే నెలకి కరెంటు 300 యూనిట్లు దాటిందన్నారు. మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, పాత ఫ్రిజ్. తీరా ఆరా తీస్తే, రెండేళ్ల కిందట ఖాళీ చేసిన అద్దె ఇంటి మీటరు ఇంకా నా ఆధార్‌కే ఉందట! అక్కడెవరో ఏసీ వేసుకుంటే ఆ యూనిట్లు నా లెక్కలో పడ్డాయి.

అది తీయించమని వార్డు సచివాలయానికి వెళ్తే కరెంటు ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడికెళ్తే ఇంటి ఓనరు రావాలన్నారు. ఆయన ఫోనెత్తడు. బట్టల షాపులో పని నాది, పూట సెలవు పెడితే సగం రోజు జీతం పోతుంది. ఇప్పటికి నాలుగు పూటలు పోయాయి.

ఒక్కో బిడ్డకి 15,000లో బడి నిర్వహణకని 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. నాకు ఇద్దరు పిల్లలు. ఈ 26,000 వస్తాయన్న ధైర్యంతోనే చీటీ పాడి మరీ ఫీజులు కట్టాను. ఇప్పుడు ఆ వాయిదా గుర్తొస్తే రాత్రి నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

పట్నంలో నెలకి 12,000 ఆదాయం దాటకూడదన్నారు, మేం దాటలేదు. హాజరు 75 శాతం ఉండాలన్నారు, జ్వరమొచ్చినా పంపాను. మరి నా వైపు తప్పేంటి? పేరు తీసేసే ముందు ఒక్క మనిషి ఇంటికొచ్చి మీటరు చూసి వెళ్లి ఉంటే చాలు కదా!